రెండో రాణి దువ్వెన

ఇస్త్రీ బల్ల మీద నేను రెండు పనులు చేస్తాను. రసెల్ చొక్కాలు ఇస్త్రీ చేస్తాను, నవలలు రాస్తాను. అల్వర్‌స్టన్ అనే ఈ చిన్న ఊళ్ళో మా ఇంటికి నాలుగు గదులున్నాయి. నాలుగోదాన్ని ఆఫీసు గది అంటాడు రసెల్, అందులో అతని గాలాలూ గమ్‌బూట్లూ కాపురముంటాయి. అందుకని పొద్దున్న ఐదింటినించి ఏడింటిదాకా బల్ల ఎత్తు పెంచుకుని నిలబడి రాస్తాను. "ఆ కంప్యూటరు కాస్త జరిపితే నా నీలం చొక్కా అయిపోతుంది కదా నరెల్," అంటాడు వచ్చి. ఎంత మెత్తగా అంటాడంటే, ఇన్నేళ్ళలో కోపం తెచ్చుకోవడానికి నాకు సందు దొరకలేదు. జరుపుతాను. నీలం చొక్కా అయిపోతుంది, నా వాక్యం మాత్రం ఎక్కడో పోతుంది.

నేను రాసేవి పద్నాలుగు నించి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం. అందరికీ తెలిసిన పాత రాజకుమారి కథల్ని తిరగేసి, వాటి చీకటి వైపు చూపిస్తాను. నల్ల అట్ట, ముళ్ళ తీగ, మూలన ఒక నెత్తుటి చుక్క. ఇదివరకు రాసిన రెండూ ఓ మోస్తరుగా అమ్ముడుపోయాయి. మూడోది మాత్రం చాలాకాలంగా కడుపులో పెట్టుకుని తిరిగిన కథ. అందరికంటే అందగత్తె ఎవరని అద్దాన్ని అడిగే సవతి తల్లి కథ. నేనూ సవతి తల్లినే మరి.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి రసెల్ కూతురు టెగన్‌కి ఆరేళ్ళు. వాళ్ళమ్మ కారిన్ పోయి రెండేళ్ళయింది, బట్టలింకా బీరువాలోనే ఉన్నాయి. ఆ ఆగస్టులో బడిలో పుస్తకాల వారం వచ్చింది. ఆ వారం పిల్లలందరూ ఏదో ఒక కథలో మనిషి వేషం వేసుకుని ఆవరణ చుట్టూ ఊరేగాలి, ఊళ్ళో తల్లులందరూ కుట్టుమిషన్ల ముందు కూచుని తిట్టుకోవాలి. నేను టెగన్ రాజకుమారి గౌను అంచు కుడుతూంటే మా అత్తగారు బెరిల్ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. నేను పొద్దున్న లేవగానే పైన తొడుక్కునే పాత ఆకుపచ్చ తువ్వాలు గుడ్డ గౌనులో ఉన్నాను, దాని చెయ్యి ఒకచోట ఇస్త్రీపెట్టె తగిలి కాలింది. "నువ్వు కూడా ఊరేగు అమ్మాయ్, సవతి రాణివి. నీకేం కుట్టుకోనక్కర్లేదు, ఉన్నపళంగా సరిపోతావు," అంది. రసెల్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు ఇప్పటికీ నామీద నాకు కోపం.

ఆ నెలలోనే టెగన్ తలనిండా పేలు. నడుం దాటే జుట్టు. "కారిన్‌కి ఆ జుట్టంటే ప్రాణం, కత్తెర ముట్టుకున్నావో చూడు," అని బెరిల్ ఫోన్‌లో హెచ్చరించింది. దువ్వడానికి మాత్రం రాలేదు. మూడు సాయంత్రాలు స్నానాలతొట్టి అంచుమీద కూచుని గుప్పిళ్ళకొద్దీ కండిషనర్ పట్టించి, పాయపాయగా విడదీసి, ఇనప పేలదువ్వెనతో దువ్వాను. దువ్విన ప్రతిసారీ తెల్ల కాగితం మీద తుడిస్తే టెగన్ లెక్కపెట్టేది. "పదిహేడు నరెల్! ఇదిగో దీనికి కాళ్ళాడుతున్నాయి!" మూడోనాడు లెక్క మధ్యలో వెనక్కి వాలి నా ఒళ్ళో నిద్రపోయింది. నా మోచెయ్యి తిమ్మిరెక్కింది గానీ కదలలేదు. ఆ ఇంట్లో నన్ను నమ్మి నా మీద వాలిన మొదటి మనిషి అది.

పుస్తకంలో అదంతా పెట్టాను. నా రాణి, చచ్చిపోయిన రాణి బట్టలున్న కోటకి వస్తుంది, ఆమెని ఎవరూ పలకరించరు, రాజు వేటకి పోతూంటాడు. పిల్ల తల దువ్వుతుంది. చివర్న ఇద్దరూ కలిసి కోట తలుపు తీసుకుని బయటికి నడుస్తారు. రాస్తున్నన్నాళ్ళూ నేను స్నానానికి వెళ్ళినప్పుడు, అప్పటికి పదిహేనేళ్ళు దాటిన టెగన్ వచ్చి చదివేది. బల్ల మీద టోస్టు పొడి కనిపించేది. తెలియనట్టు దులిపేసి, మర్నాడు కూడా తెరిచే ఉంచేదాన్ని. పైకి ఒక్క మాట అనుకోకుండా మా ఇద్దరి మధ్యా నడిచిన కబురు అది.

మెల్‌బోర్న్ నించి మా ఎడిటర్ ఫ్రాంకా ఫోన్ చేసింది. "బాగుంది నరెల్. కానీ చీకటి చాల్లేదు. రాణిగారి కష్టాలు వినడానికి ఏ పదహారేళ్ళ పిల్లా పుస్తకం కొనదు. ఆమెకి శిక్ష పడాలి. నీకిష్టం లేకపోతే చెప్పు, మాట్లాడుకుందాం." చెప్పు అనే అంది, అబద్ధమాడను. ఆ ఆదివారం నేను వండిన భోజనం తింటూ బెరిల్ అంది, "ఈసారి మీ రాణి మంచిదటగా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" రసెల్ మాంసం కోస్తూ, "వాళ్ళు చెప్పినట్టు మార్చెయ్యరాదూ, పోయేదేముంది," అన్నాడు. ఈ పుస్తకం చదివినవాళ్ళంతా నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాననుకుంటారని సిగ్గేసింది. నన్ను కాస్త మంచిదాన్నిగా చూడండర్రా అని అడుక్కున్నట్టు ఉంటుందని భయమేసింది.

మర్నాడు పొద్దున్నే దువ్వెనకి విషం పూశాను. పాత కథలో ఉన్నదే, ముసలిదాని వేషంలో వచ్చి విషపు దువ్వెన గుచ్చడం. తొమ్మిది రోజుల్లో మొత్తం మార్చేశాను. చివర్న రాణికి ఎర్రగా కాల్చిన ఇనపజోళ్ళు తొడిగి చచ్చేదాకా నాట్యమాడించాను. అది 212వ పేజీ. చెప్పడానికి సిగ్గుగా ఉంది, బాగా కుదిరింది. ఆ తొమ్మిది రోజులూ స్నానానికి వెళ్ళేముందు కంప్యూటరు మూసేశాను.

జులైలో పుస్తకాల పెట్టె వచ్చింది. టెగన్ ఒకటి తీసుకుని గదిలోకి పోయింది. సాయంత్రం నేను గుమ్మడికాయ తొక్క తీస్తూంటే వచ్చి నిలబడింది.

"దువ్వెన నాది," అంది.

"ఏ దువ్వెన?" అన్నాను, తెలిసే.

"తొట్టి అంచూ, కాగితం మీద తుడవడం, లెక్కపెట్టడం, అన్నీ ఉన్నవున్నట్టే ఉంచావు. విషం ఒక్కటే కలిపావు."

"ఎడిటర్ అడిగింది టెగన్..."

"ఎడిటర్ మన బాత్రూంలో లేదు నరెల్."

"అది కథమ్మా."

"నా తల నీ చేతుల్లో ఉన్నప్పుడు నువ్వేం అనుకునేదానివో నాకెలా తెలుస్తుంది? నాకు అదొక్కటే గుర్తుంది, ఈ ఇంట్లో బాగున్నది."

అప్పుడు నేను అనాల్సిన మాటలు నాకిప్పుడు వంద తెలుసు. అన్నది మాత్రం, "అచ్చయిపోయింది," అని.

అది వెళ్ళి తలుపేసుకుంది. రసెల్ తల దూర్చి, "పదహారేళ్ళు, రెండ్రోజుల్లో దిగొస్తుందిలే. భోజనం ఎన్నింటికి?" అన్నాడు. దిగిరాలేదు. నెల రోజులు బడికి తన భోజనం డబ్బా తనే సర్దుకుంది, తన బట్టలు తనే ఉతుక్కుంది. నాకు పని తగ్గింది. పని తగ్గితే ఇంత ఏడుపొస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆగస్టులో టెగన్ బడివాళ్ళే పుస్తకాల వారానికి నన్ను పిలిచారు, లైబ్రరీలో 212వ పేజీ చదవమని. ఇక్కడ ఆగస్టంటే చలికాలం, ఆ పొద్దున్న చలికి నా గౌను కోసం వెతికితే తలుపు వెనక కొక్కెం ఖాళీగా ఉంది. ఉతకడానికి పడేశాననుకున్నాను. లైబ్రరీ నిండా వేషాలే, ప్రిన్సిపాల్ పెటిఫర్‌గారు సముద్రపు దొంగ. ఆయన హుషారుగా వెనక వరసలోకి చెయ్యి చూపించి, "అదేమిటి టెగన్, పడుకుని లేచి తిన్నగా వచ్చేశావా? ఏం వేషం అది?" అన్నాడు. అందరూ నవ్వారు.

టెగన్ లేచి నిలబడింది. ఆకుపచ్చ తువ్వాలు గుడ్డ గౌను, కాలిన చెయ్యి. జడలో ఇనప పేలదువ్వెన గుచ్చుకుని ఉంది.

"సవతి రాణిని సార్," అంది. "ఈవిడ నన్ను చంపకముందు ఇలా ఉండేదాన్ని."

ఎవరికీ అర్థం కాక ఇంకా నవ్వారు. అది నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు, కూచుంది. నా చేతిలో పుస్తకం 212 దగ్గర తెరిచి ఉంది. దేశంలో ఎన్ని దుకాణాల్లో ఆ పేజీ అలాగే ఉందో, ఇంక నేను చెరపలేను. ఎప్పటికీ చెరపలేను. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను.

"ఇందులో ఒక అబద్ధం ఉంది," అన్నాను. "నన్ను చూసి నవ్వుతారని నేనే పెట్టాను. ఆ దువ్వెనకి విషం లేదు. దానికున్నది కండిషనర్. మూడోనాడు ఆ పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది."