వంపులో కంకర

శిక్షణ కేంద్రంలో అందరూ ఆవిడని గేజి మేడమ్ అనేవారు. రెండు పట్టాల మధ్య దూరం కొలిచే ఇనుప గేజి చేతిలో లేకుండా ఆవిడ క్లాసుకి వచ్చిన రోజు లేదు మరి. ఇరవై రెండేళ్లు లైను మీద తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఈ పాఠాలు చెప్పే పనిలోకి వచ్చింది. ఇది ముప్ఫై ఒకటో బ్యాచ్. రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది. మొదటి రోజు చెప్పాల్సిన పాఠం చెప్పి చెప్పి, ఏ వాక్యం దగ్గర ఎవరు ఆవలిస్తారో కూడా కంఠతా వచ్చేసింది.

ఆ రోజూ అంతే. మండు వేసవి. నెత్తిమీద ఫ్యాను ఉన్న వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. ఆవిడ బోర్డు మీద రెండు గీతలు గీసి, గొంతు సవరించుకుంది.

"రైలంటే ఇంజనే అనుకుంటారు అందరూ. ఇంజను చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టం. అంతకు ఎన్నో తరాల ముందే పట్టా ఉంది. గనుల్లోంచి బొగ్గూ రాయీ బయటికి తేవాలంటే బండి చక్రాలు బురదలో దిగబడిపోయేవి. దుంగలు పరిచి వాటి మీద నడిపారు. గుర్రం ప్రాణం కాస్త తెరిపిన పడింది. చెక్క అరిగిపోతోందని పైన ఇనుప రేకు కొట్టారు. తర్వాత మొత్తం పోత ఇనుముతోనే పోశారు. అది పుటుక్కున విరిగేది. సాగగొట్టిన ఇనుము తెచ్చారు. అది అరిగేది. చివరికి ఉక్కు వచ్చింది. ఇన్ని బాధలూ తీరాయి కదా, ఇంకేం బాధ మిగిలింది?"

ఆవిడే జవాబు చెప్పబోతుంటే ఆఖరి బెంచీలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఎండకి సాగుతుంది మేడమ్."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయనకి నలభై ఎనిమిదేళ్లు. ఇరవై ఆరేళ్లు లైను బాగుచేసే గ్యాంగ్‌లో గునపం పట్టి, పరీక్ష రాసి, సూపర్‌వైజరు శిక్షణకి వచ్చాడు. తక్కినవాళ్లంతా కాలేజీల్లోంచి నేరుగా వచ్చిన పిల్లలు. వాళ్లు వచ్చిన పూటే ఆయనకి తాత అని పేరు పెట్టేశారు. ఆయన కూడా పలుకుతూనే ఉన్నాడు.

"సాగుతుంది," అంది ఆవిడ. "అందుకే పూర్వం పట్టాలు చిన్న ముక్కలుగా వేసి, ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదిలేవారు. రైలెక్కితే టకటకమని వినిపించేది ఆ సందుల చప్పుడే. ఇప్పుడు కిలోమీటర్ల పొడుగునా అతికేస్తున్నాం. సందు లేదు. మరి సాగాల్సిన ఉక్కు ఎక్కడికి పోవాలి? ఎక్కడికీ పోనివ్వం. పట్టాని కింద అడ్డంగా ఉండే స్లీపర్లు పట్టుకుంటాయి, స్లీపర్లని కంకర పట్టుకుంటుంది. అంత ఉక్కుని కట్టిపడేసేది కాలి కింద రాళ్లే. ఇది రాసుకోండి."

రాసుకున్నారు. ఆవిడ కుర్చీలో కూలబడి మోకాళ్లు రుద్దుకుంది. ఇంకా మధ్యాహ్నం లైను మీదికి తీసుకెళ్లాలి. ఆ మాట తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

రెండు గంటలకి పద్దెనిమిది మందినీ వెంటబెట్టుకుని, కేంద్రం వెనక గేటులోంచి లైను దగ్గరికి వెళ్లింది. అరకిలోమీటరు అవతల లైను ఎడమకి వంపు తిరుగుతుంది. వంపులో బయటి పట్టా లోపలి పట్టా కన్నా ఎందుకు ఎత్తుగా ఉంటుందో చూపించడానికి ప్రతి బ్యాచ్‌నీ అక్కడికే తీసుకెళ్తుంది. పట్టాకి థర్మామీటరు అంటించింది. అరవై మూడు డిగ్రీలు చూపించింది. పిల్లలు టోపీలు సర్దుకుంటూ, నీళ్ల సీసాలు ఒకరికొకరు అందించుకుంటూ, ఇది ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నారు. ఆవిడా అదే చూస్తోంది.

"మేడమ్, ఒకసారి ఇటు రండి," అన్నాడు తాత కాస్త దూరం నుంచి.

"వస్తా ఉండండి. ముందు ఈ కొలత అవనీండి."

"కొలత తర్వాత చూద్దాం మేడమ్. ఇక్కడ కాళ్ల కింద ఏమీ లేదు."

ఆయన చెప్పొచ్చో కూడదో అన్నట్టు నిలబడ్డాడు. అన్నేళ్లు పైవాళ్లకి ఎదురు చెప్పకుండా బతికిన మనిషి నిలబడే తీరు అది. ఆవిడ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి చూసింది.

వంపు బయటి వైపు, స్లీపర్ల చివర దన్నుగా ఉండాల్సిన కంకర లేదు. నలభై యాభై స్లీపర్ల పొడుగునా తవ్వి, కట్ట కిందికి కుప్పలు పోసి ఉంది. మట్టి పట్టిన కంకరని తవ్వి జల్లెడ పట్టి తిరిగి పోయడం మామూలు పనే. కానీ తవ్వినవాళ్లు పొయ్యకుండానే వెళ్లిపోయారు. వంగి పట్టా వెంబడి కన్ను సారించింది. గుండ్రంగా సాగాల్సిన వంపులో ఒకచోట చిన్న సొట్ట. కొత్తవాళ్లకి కనిపించదు.

ఆ సెక్షన్ ఇంజనీరు ఎవరో కాదు, ఆవిడ మరిది. భర్తకి తమ్ముడు. ఆవిడ ఫోను చేసింది.

"ఏమయ్యా, వంపు దగ్గర కంకర ఎందుకు తవ్వి వదిలేశావ్?"

"వదినా, మీరక్కడున్నారా?" అతని గొంతు బొంగురుపోయి ఉంది. "పొద్దున మొదలుపెట్టాం. సగంలో ఉండగా స్టేషన్ దగ్గర పట్టా మారే చోట ఏదో ఇరుక్కుందని గ్యాంగ్ మొత్తాన్నీ లాక్కెళ్లారు. ఉన్నదే సగం గ్యాంగ్. సాయంత్రం పోయించేస్తా."

"సాయంత్రం దాకా ఆగదు. అరవై మూడు డిగ్రీలుంది. పట్టా అప్పుడే కదిలింది. రైళ్లు ఆపించు."

"ఎక్స్‌ప్రెస్ ఇంకో ఇరవై నిమిషాల్లో వస్తుంది వదినా. ఇప్పుడు ఆపమంటే కంట్రోల్ వాళ్లు నన్ను పీక్కుతింటారు. ఈ వారంలో ఇప్పటికే రెండుసార్లు చీవాట్లు తిన్నా. నేనొచ్చి చూసేదాకా..."

"నువ్వు ఆపకపోతే నేను ఆపుతా."

"మీరు శిక్షణ కేంద్రం మనిషి. లైను మీద మీకు అధికారం లేదు."

"ఎర్రజెండా చూపించడానికి అధికారమెందుకయ్యా? గేటు కాపలావాడు కూడా చూపించొచ్చు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. జెండాలూ, పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవర్ని హెచ్చరించే టపాకాయలూ పాఠం కోసం తెచ్చిన సంచీలోనే ఉన్నాయి. మోకాళ్లు బాగుంటే తనే పరిగెత్తేది. తాత అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఇద్దరు పిల్లల్ని నాతో పంపండి మేడమ్. పరిగెత్తడం వాళ్లకొచ్చు, ఎక్కడ ఆగాలో నాకొచ్చు."

ముగ్గురూ స్లీపర్ల పక్కన పరుగు తీశారు. మిగతా పిల్లల మొహాల్లో అంతసేపూ ఉన్న విసుగు ఎటు పోయిందో పోయింది. ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, ఏమీ కాకపోతే నింద మనమీదికి వస్తుంది కదా?"

"వస్తుంది," అంది ఆవిడ. "రానీ."

స్టేషన్‌కి ఫోను చేసి చెప్పింది. స్టేషన్ మాస్టరు పేరూ హోదా రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. అంతలో దూరంగా టపాకాయ పేలిన చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత బ్రేకులు కీచుమన్న శబ్దం చాలాసేపు వినిపించింది. రైలు వంపుకి అవతల, కనీకనపడకుండా ఆగింది.

మరిది మోటార్‌సైకిలు మీద వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. కట్టెక్కుతూనే మొదలుపెట్టాడు.

"నెమ్మదిగా పోనిస్తే సరిపోయేది వదినా. మొత్తానికి ఆపేస్తారా? నా ఉద్యోగం సంగతి..."

ఆ మాట పూర్తవలేదు. దబ్బున ఒక మొద్దు చప్పుడు వినిపించింది, పెద్ద తలుపెవరో లోపల్నుంచి తన్నినట్టు. వాళ్లకి పాతిక అడుగుల దూరంలో రెండు పట్టాలూ స్లీపర్లతో సహా పక్కకి జరిగాయి. వాటి మీద రైలు లేదు, గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు. ఒకే వంపుగా ఉన్న లైను కళ్లముందే రెండు జానలు ప్రక్కకి వంకర తిరిగి, మళ్లీ కదలకుండా ఉండిపోయింది. కాస్త దుమ్ము లేచింది.

మరిది అక్కడే కంకర కుప్ప మీద కూర్చుండిపోయాడు. ఆగిన రైలుకి ఎన్ని బోగీలని ఆవిడ అడగలేదు. అతనే నేలకేసి చూస్తూ, "పద్దెనిమిది బోగీలు," అన్నాడు.

ఆవిడ అతని భుజం తట్టింది. "లే. ఏడ్చే తీరిక లేదు. గ్యాస్ కట్టర్ ఎక్కడుంది?"

గ్యాంగ్ వచ్చేసరికి గంట పట్టింది. వచ్చినవాళ్లు తొమ్మిది మందే. పట్టాని కోసి, ఎక్కువైన ముక్క తీసేసి, లైనుని గునపాలతో నెట్టి సరిచేయాలి. కంకరంతా తిరిగి పోయాలి. శిక్షణకొచ్చిన పిల్లలు అడక్కుండానే తట్టలు పట్టుకున్నారు. తాత వాళ్లకి ఎలా వంగాలో చూపించాడు, "నడుముతో కాదురా, మోకాళ్లతో లేవండి. రేపు పొద్దున మంచం దిగలేక నన్ను తిట్టుకుంటారు." పొద్దున పాఠంలో రాసుకున్న రాళ్లు సాయంత్రానికి అరచేతుల్లో బొబ్బలయ్యాయి. ఆవిడ కొలతలు చూస్తూ, కూర్చోడానికి చోటున్నా కూర్చోకుండా నిలబడే ఉంది. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు.

ఆగిన రైలులోంచి దిగిన జనం గొడవ పెట్టారు. ఒకాయన అంత దూరం నడిచొచ్చి ఆవిడ్ని పట్టుకుని దులిపేశాడు, పెళ్లికి పోవాలట. ఆవిడ వింటూనే కొలతలు చూసుకుంది. పొద్దు వాలి పట్టా చల్లబడ్డాక రైలుని నడక వేగంతో పోనిచ్చారు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, సరిచేసిన చోటు వైపు చూసి, రెండు వేళ్లు నుదుటికి ఆనించుకుని వెళ్లిపోయాడు.

మూడోరోజు రిపోర్టు ఇమ్మని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. భర్త ముప్ఫై ఏళ్లు గూడ్సు రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఉన్న గ్లాసుల్ని అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"ఏం రాస్తున్నావ్?"

"చూసింది."

"తమ్ముడు ఫోను చేశాడు." ఆయన నీళ్లు నమిలాడు. "వదినతో ఒక్క మాట చెప్పన్నయ్యా అన్నాడు."

"ఏం మాట?"

"అదేమిటో వాడూ చెప్పలేదు."

ఆవిడ కలం పక్కన పెట్టింది. "ఏమండీ, అన్నేళ్లు రైలు చివర పెట్టెలో ఒక్కరే కూర్చుని వెళ్లారు. ముందున్న పట్టా బాగుందని ఎవరో రాసిన కాగితం నమ్మే కదా ఇంటికొచ్చారు?"

"నేనేమీ అనలేదే," అన్నాడాయన. లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చి, ఆవిడ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆవిడ మరిది ఆఫీసుకి వెళ్లింది. సున్నం రాలిన గోడలు, మ్యాపు వేలాడదీసిన గది. బల్లకింద బురద బూట్లు. అతను తల ఎత్తలేదు.

"నువ్వు పని వాయిదా వెయ్యమని పైవాళ్లకి రాశావా?"

"రెండుసార్లు రాశాను. ఎండలు తగ్గాక చేద్దామని, గ్యాంగ్ నిండాక చేద్దామని. ఎవరు చదివారు?"

"ఆ కాపీలివ్వు. రిపోర్టుకి జత చేస్తా."

"మీ జాలి నాకక్కర్లేదు వదినా."

"జాలేంటయ్యా? తవ్వి వదిలేశావన్నది నిజం. నేను చెప్పినా ఆపనన్నావు, అదీ నిజం. అవి రాశాను. ఇదీ నిజమే కాబట్టి ఇదీ రాస్తాను. సగం రాస్తే అబద్ధమే అవుతుంది."

అతను బీరువా తీసి, ఫైలు బల్లమీద పెట్టాడు. ఆవిడ తీసుకుంటుంటే గోడ వైపు తిరిగిపోయాడు.

విచారణ నెల రోజులు సాగింది. మరిదిని మందలించి, దూరంగా ఒక బ్రాంచి లైనుకి బదిలీ చేశారు. ఉత్తరాలు చదవని పై అధికారికి కూడా సంజాయిషీ కాగితం వెళ్లింది, ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. పూర్తి గ్యాంగ్ లేకుండా వేసవిలో కంకర తవ్వకూడదని ఒక ఉత్తర్వు వచ్చింది. ఆవిడకి ఒక ఉత్తరం వచ్చింది. శిక్షణలో ఉన్నవాళ్ల చేత అనుమతి లేకుండా కూలిపని ఎందుకు చేయించారని. రెండు వాక్యాల్లో జవాబు రాసి పంపింది. తాత పరీక్ష గట్టెక్కాడు, రైళ్ల చరిత్ర పేపర్లో అత్తెసరు మార్కులతో. "ఆ ఏళ్లూ తేదీలూ నా బుర్రకెక్కవు మేడమ్," అని నవ్వుతూ వెళ్లాడు.

ప్రతి ఆదివారం భోజనానికి వచ్చే మరిది రెండు నెలలు ఇంటి గడప తొక్కలేదు. అన్నతో ఫోనులో మాట్లాడేవాడు. వదిన ఊసు ఎత్తేవాడు కాదు. భర్త ఫోను పెట్టేశాక ఆవిడా అడిగేది కాదు. తప్పు చేశానని ఆవిడకి ఏనాడూ అనిపించలేదు. అయినా ఆదివారం మధ్యాహ్నాలు అలవాటుగా కంచాలు మూడు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టడం మాత్రం బాధగా ఉండేది.

వానలు పట్టాక ఒక ఆదివారం వచ్చాడు. చిక్కిపోయాడు. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు. ఏమీ జరగనట్టు ఆవిడ వడ్డించింది. సగం తిన్నాక అతను అన్నాడు.

"అక్కడ పదకొండు వంతెనలున్నాయి వదినా. ఏడో దాని కింద వరదకి గట్టు కోసుకుపోతోంది. స్తంభం కింద కూడా ఖాళీ అవుతోందని నా అనుమానం. పైవాళ్లకి రాశాను."

"చదివారా?"

"లేదు. అందుకే నిన్నట్నుంచి రైళ్లు ఆపేశాను." అతను మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "రేపు ఇక్కడ పై ఆఫీసుకి రమ్మన్నారు. ఉద్యోగం పీకుతారు."

ఆవిడ అతని కంచంలోకి చూసి, గరిటె అందుకుంది.

"ముందు తిను," అంది. "తిని, ఏ స్తంభం వైపు కోస్తోందో గీసి చూపించు."