ఎవరిదీ బతుకు?

వేదిక మీద నా పేరు నిప్పు. ఇంట్లో పొయ్యి వెలిగించడం కూడా చేతకాదు, అది వేరే సంగతి. నెలకోసారి పాత గోదాములో జరిగే మా ర్యాప్, కవితల సభలో మాత్రం నా వంతు వచ్చిందంటే జనం కుర్చీలు వదిలి ముందుకొస్తారు. అన్యాయం ఎక్కడున్నా నా కంట పడుతుంది. పడకపోతే వెతుక్కుంటాను.

ఆ నెల వెతుక్కోనక్కర్లేకపోయింది. మా అక్క ఆసుపత్రి లాండ్రీలో మాసిన దుప్పట్లు వేరుచేస్తుంది. మా ఇల్లు గడిచేది ఆ పనితోనే. నెలన్నర క్రితం దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది గ్లౌజు దాటి ఆమె బొటనవేలిలో దిగింది. గుచ్చుకుంటే ఆ రోజే చెప్పాలని అక్కడి రూలు. చెప్పినవాళ్లను పరీక్షలన్నీ అయ్యేదాకా ఇంటికి పంపేస్తారు, ఆ తర్వాత పిలిచిన పాపాన పోరు. అందుకే అక్క దాచింది. బయట హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంది. అందులో ఏమీ లేదు. పక్షం రోజుల్లో ఇంకో పరీక్ష ఉంది.

"నీకొక్కడికే చెప్పానురా. ఎక్కడా నోరు జారకు. అదొక్కటీ అయిపోతే గండం గడిచినట్టే," అంది అన్నం వడ్డిస్తూ.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా?" అన్నాను. చెయ్యి కడుక్కుని రాయడానికి కూర్చున్నాను. పేరు పెట్టలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా సభకు ఒక నియమం ఉంది. నిరుడు ఒకడు చనిపోయిన తల్లి గురించి చెప్పి అందర్నీ ఏడిపించాడు. మర్నాడు ఆ తల్లి కూరగాయల బజారులో మాకు ఎదురై నవ్వుతూ పలకరించింది. అప్పటినుంచి ఎవరికి అనుమానం వచ్చినా "ఎవరిది?" అని అరవచ్చు. చెప్పినవాడు ఆ మనిషిని చూపించాలి, లేదా దిగిపోవాలి. దిగిపోయినవాడికి మళ్లీ మైకు దక్కదు.

అక్కను నేను రమ్మనలేదు. తమ్ముడు పాడతాడని గొప్పగా చెప్పుకుని, డ్యూటీ దిగి, తనతో పనిచేసే ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. మూడో వరుసలో కూర్చుని నాకు చెయ్యి ఊపింది. అప్పుడైనా వేరేది పాడొచ్చు. పాడలేదు.

"మడతలో సూది, మా ఇంట్లో మౌనం!
చెబితే పోయేది కూడు, దాచితే పోయేది ప్రాణం!"

గోదాము దద్దరిల్లింది. అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. చప్పట్లు ఆగకముందే వెనకనుంచి ఎవడో అరిచాడు.

"ఎవరిది?"

అక్క నా వైపే చూస్తూ వద్దని తల ఊపింది. కల్పించానని చెప్పి దిగిపోతే సరిపోయేది. ఎదురుగా పది ఫోన్లు లైవ్‌లో ఉన్నాయి. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. నేను ఆమెను చూపించాను.

లైటు ఆమె మీద పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఆవిడ మాత్రం కుర్చీ దూరంగా జరుపుకుంది.

"ఆ చేత్తోనా నిన్న నాకు ముద్ద కలిపి పెట్టావు?" అంది.

అక్క బయటికి నడిచింది. నేను మెట్లు దిగి పరిగెత్తాను. అప్పటికే గుమ్మం బయట ఫోను చెవిన పెట్టుకుని ఉంది. "లైవ్‌లో చూశారా మేడమ్? సరే. డ్యూటీ బట్టలు, ఐడీ కార్డు రేపు లాండ్రీకి తెచ్చిచ్చేస్తాను మేడమ్," అని పెట్టేసింది.

"అక్కా, నీలాంటి వాళ్ల కోసమే నేను..."

"తెలుసులేరా," అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. "చివర్లో ఉద్యోగం పోయిందని కూడా కలుపుకో. చప్పట్లు ఇంకా గట్టిగా కొడతారు."

లోపల "మళ్లీ! మళ్లీ!" అని నా కోసం అరుస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అక్క బస్టాపు దాకా వెళ్లేంతవరకు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత లోపలికి వెళ్లాను. కలిపాను.