కమిటీ చేయి దాటిన థ్రెడ్లు

పాలపిట్ట అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొంతమంది జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడల్లా రాస్తున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడు విప్పి చూసుకోవచ్చు. ఒక్కటే లోటు. పాట పెడితే, అది అయిపోయేదాకా ఆ ప్రోగ్రాంలో ఇంకే బటనూ పలకదు. ఒక ప్రోగ్రాం ఒకేసారి రెండు మూడు పనులు చేసుకోవాలంటే థ్రెడ్లు కావాలి. కావాలని మూడేళ్ల కిందటే అందరూ ఒప్పుకున్నారు. అంత గట్టిగా ఒప్పుకున్నాక ఇక రాయడం దేనికని ప్లానింగ్ కమిటీ వేసుకున్నారు.

కమిటీకి కన్వీనర్ గంగారాం సారు. దుబాయి నుంచి తిరిగొచ్చి కోరుట్లలో కంప్యూటర్ కోచింగ్ నడుపుతున్నాడు. ప్లాన్ ఎలా వేయాలో చెప్పే ప్లాన్ కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఈసారి మీటింగు జగిత్యాలలో. సిరిసిల్ల నుంచి స్వర్ణలత లాప్‌టాప్ సంచి తగిలించుకుని బయల్దేరింది. ఎంసీఏ చదివి ఆమె పాఠాలు చెప్పిన కాలేజీ మూతబడింది. ఇంట్లో మరమగ్గాలూ ఆగిపోయాయి. భర్త నరేశ్ ముందే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. తెల్లారితే అత్తతో కలిసి తనూ బస్సెక్కాలి.

“మూటలు కట్టుడు ఇడిసిపెట్టి గిప్పుడు జగిత్యాల పోవుడేందే?” అంది అత్త నర్సవ్వ.

“పొద్దూకె వరకు అస్త అత్తా. గీ ఒక్క పని ఒడగొట్టుకోని అస్త.”

ఫంక్షన్ హాల్లో జ్యోతి వెలిగించారు. శాలువాలు కప్పుకున్నారు. థ్రెడ్ల బాగోగులు సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ చూసుకోవాలా, ప్రోగ్రామే చూసుకోవాలా అన్న నిరుటి ప్రశ్ననే గంగారాం ఈసారి రంగుల స్లైడ్లలో అడిగాడు.

స్వర్ణలత లేచింది. “కెర్నెల్ చూసుకునేటట్టు నేను రాసిన సార్. నడిపి చూపెడ్త.”

హాలు ఉలిక్కిపడింది. ప్లాన్ పూర్తి కాకముందే పని చేసేంత దుస్సాహసం ఆ కమిటీ చరిత్రలో లేదు. తెర మీద పాట మొదలైంది. ఆమె ఫైలు తెరిచింది. పాట ఆగింది, ఫైలు ఆగింది, మౌస్ బాణం కూడా బిగుసుకుపోయింది.

గంగారాం ముఖం వెలిగిపోయింది. “గందుకేనమ్మా ప్లానింగ్ అనేది!”

చప్పట్లు కొట్టి, కమిటీ గడువు ఇంకో ఏడాది పొడిగించి, అంతా భోజనాలకు లేచారు.

స్వర్ణలత కూర్చున్నచోటే ఉండిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిస్టమ్‌లో ఫైళ్ల భాగం రాసే సారంగాపూర్ రజని వచ్చి పక్కన కూర్చుంది.

“అక్కా, ఇంకో థ్రెడ్ నడుమ జొరబడకుంట పాట థ్రెడ్ ముందుగాల ఏ తాళం ఏస్తది?”

“సౌండుది. ఎన్క ఫైలుది.”

“మరి ఫైలు తెరిచేది?”

“ముందు ఫైలుది, ఎన్క...” స్వర్ణలత నాలుక కరుచుకుంది. ఒకటి వేసిన తాళం ఎప్పుడు తీస్తుందా అని ఇంకొకటి, రెండూ ఎదురుచూస్తూ కూర్చున్నాయి. రెండూ ఒకే వరుసలో తాళాలు వేసేట్టు ఇద్దరూ కలిసి మార్చారు. అన్నం సంగతే మరిచిపోయారు.

వందన సమర్పణ అయ్యాక గంగారాంను పిలిచారు. ఆయన తానే పాట పెట్టి, వరసగా ఫైళ్లు తెరిచాడు. పాట ఆగలేదు.

“మస్తుందమ్మా,” అన్నాడు మనస్ఫూర్తిగా. “ఇగ దీని మీద ఒక సబ్ కమిటీ ఏద్దాం.”

స్వర్ణలతకు నవ్వొచ్చింది. “మీరు ఏసుకోండ్రి సార్. నేను రేపు భీవండి పోతున్న. ఆడ ఎన్నటికి కుదురుకుంటనో ఎర్కలేదు.”

దుబాయిలో మొదటి ఏడాది గంగారాంకు గుర్తొచ్చిందేమో, గొంతు తగ్గింది. “ఇంటోళ్లంత పోతున్రా?”

“అందరం సార్.”

“అయితె నీ కోడు ఇప్పుడే పాలపిట్టల కలిపేద్దాం. కూసో.”

మూడేళ్ల చర్చ పావుగంటలో ముగిసింది.

భీవండిలో మగ్గాల మోత మధ్య, ఇరుకు గదిలో, కొత్త పాలపిట్ట విడుదలైన కబురు స్వర్ణలత చూసింది. కృతజ్ఞతల్లో ముందు ప్లానింగ్ కమిటీ, వాళ్ల దూరదృష్టి. అడుగున ఆమె పేరూ, రజని పేరూ. మనసు చివుక్కుమంది. ఆ కిందే రుద్రంగి నుంచి ఎవరో ఫిర్యాదు పెట్టారు: థ్రెడ్లు ఎక్కువైతే సిస్టమ్ నెమ్మదిస్తోందట.

అంటే, ఎవరో నిజంగానే వాడుతున్నారు!

“నరేశ్, బియ్యం నువ్వు కడుగు,” అని లాప్‌టాప్ ముందుకు జరుపుకుంది.