క్రిముల వంటాయన

పెద్ద ఫ్లాస్కులో పొడి వేసి, నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతున్నాడు. క్రిములు పెరగడానికి పెట్టే తిండి అది. కొత్త మందులు కనిపెట్టే ఆ ల్యాబులో జుట్టు నెరిసేదాకా అతను చేసిన పని ఇదొక్కటే. అందరూ వంటాయనా అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం టీ కూడా పొంగబెట్టేస్తాడని అక్క పొయ్యి దగ్గరికి రానివ్వదు.

ఆ అక్క ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. కుట్టుమిషను సూది వేల్లో దిగితే, ఏముందిలే అని పేలిక చుట్టుకుని బట్టలు కుడుతూ కూర్చుంది. చీము చెయ్యంతా ఎక్కి నెత్తురులోకి పాకింది. ఉన్న మందులన్నీ వాడినా లొంగలేదు. ల్యాబులో మేడం తయారుచేస్తున్న మందు ఇంకా మనుషులదాకా రాలేదు. అతను కాళ్లావేళ్లా పడితే, అక్క చీములోని క్రిమి మీద ముందు గాజు పళ్లెంలో పెంచి పరీక్షిస్తాననీ, పనిచేస్తే ప్రత్యేక అనుమతి అడుగుతాననీ ఆవిడ ఒప్పుకుంది. అక్కను తినేస్తున్నదానికి అతనే వండిపెట్టాడు.

మేడం పళ్లెం వెలుతురుకెత్తి చూసింది. మధ్యలో మందు బిళ్ల. పనిచేస్తే దాని చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ జాగా కనబడాలి. బిళ్లను ఆనుకుని మరీ తెల్లగా పెరిగాయి.

"నేనే ఉప్పు ఎక్కువేశానేమో మేడం. ఆ రోజు నా మనసు మనసులో లేదు. ఇంకోసారి చూడండమ్మా."

తన వంట చెడిందని ఏనాడూ ఒప్పుకున్న మనిషి కాదు. మేడం అదే తిండి పోసిన రెండో పళ్లెం చూపించింది. అందులోది మామూలు క్రిమి. మందు చుట్టూ శుభ్రంగా చచ్చిపోయింది.

"నీ వంటలో తప్పేం లేదయ్యా. దానికి మన మందే చాల్లేదు."

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. తప్పు తనదే అయితే ఎంత బాగుండేది!

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లేసరికి అక్క కళ్లు తెరిచే ఉంది.

"తిన్నావా?"

"తిన్నా."

"అబద్ధాలాడకు. మొహం ఎలా పీక్కుపోయిందో చూడు." కట్టు కట్టిన చెయ్యి ఎత్తబోయి మానేసింది. "మీ మందు వచ్చిందా?"

"వస్తోందక్కా."

సరేనన్నట్టు కళ్లు మూసుకుంది. కాసేపటికి నర్సు వచ్చి చూసేసరికి ఊపిరి లేదు. పక్కనే కూర్చున్నా అతనికి తెలియలేదు.

మేడంకి ఫోన్ చేసి చెప్పాడు. ముందు ముందు చేయబోయే మందుల పరీక్షకని, ఆ క్రిమిని ఆవిడ అప్పటికే డీప్ ఫ్రీజర్లో దాచింది. చిటికెనవేలంత ప్లాస్టిక్ గొట్టం, మూత మీద ఒక అంకె, లోపల ఆ క్రిమి. అక్క ఒంట్లోంచి ప్రాణంతో మిగిలింది అదొక్కటే.