విడి అల్మరా

పరిశోధనశాలలోని రసాయనాలను ప్రమాదాన్ని బట్టి విడదీసే పని చెల్లెలిది. ఆ విభాగానికి అధిపతి ఆమె సొంత అక్క.

గాజును తినేసే ఆమ్లం దగ్గర పేచీ వచ్చింది. చెల్లెలు దాన్ని అత్యంత ప్రమాదకరమైన వాటిలో చేర్చింది. అంటే తాళం వేసిన విడి అల్మరా, వాడేటప్పుడు పక్కన రెండో మనిషి, చేతికందేలా విరుగుడు మందు.

“నీళ్ళు కలిపిన ఆమ్లానికి ఇంత హడావిడా? ముట్టుకున్నప్పుడల్లా కాపలా మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చేదే?” అంది అక్క.

“నీళ్ళు కలిపిందే మరీ మోసం అక్కా. పడగానే మండదు. ఎముకను పట్టుకున్నాక గానీ తెలీదు.”

“నీకు అక్షరాలు దిద్దించింది నేను. నాకే పాఠాలా?”

అందరి ముందే దాన్ని మామూలు ఆమ్లాల అరలోకి మార్పించింది. అధికారం ఆమెది. చెల్లెలు సీసా మీది చీటీ మార్చింది.

కొన్నాళ్ళకు అక్క ఆ ఆమ్లంతో ఒంటరిగా పనిచేసుకుంటోంది. చేతి తొడుగుకు చిల్లి పడ్డ సంగతి చూసుకోలేదు. తడిసిన వేళ్ళను కుళాయి కింద కడుక్కుని మళ్ళీ పనిలో పడింది. సాయంత్రానికి గోళ్ళ కింద నిప్పులు పోసినట్టయింది. విడి అల్మరాతో పాటు రావలసిన విరుగుడు మందు ఆ గదిలో లేదు. ఆస్పత్రిలో చెయ్యి దక్కింది, రెండు వేళ్ళు దక్కలేదు.

విచారణకు వచ్చినవాళ్ళు మంచం దగ్గరే అడిగారు. చెల్లెలు అక్క తల దువ్వుతోంది.

“ఈ ఆమ్లం గురించి మిమ్మల్నెవరూ హెచ్చరించలేదా?”

అక్క తన కట్టు వంకే చూస్తూ, “ఎవరూ చెప్పలేదు. భద్రత చూసేది మా చెల్లెలు,” అంది.

చెల్లెలు దువ్వెన పక్కన పెట్టింది. “చెప్పాను. అక్కే వద్దంది. అందరూ విన్నారు.”

అడిగితే అందరూ ఔనన్నారు. అక్క పదవి పోయింది.

బావ ఆస్పత్రి వరండాలో చెల్లెల్ని ఆపాడు. “వేళ్ళు ఎలాగూ పోయాయి. పరువైనా మిగలనివ్వలేకపోయావా?”

“మరి నా పరువో బావా?”

“నీకేమమ్మా! చేతులు రెండూ బాగానే ఉన్నాయిగా.”

తర్వాతి సమావేశంలో ఆ ఆమ్లాన్ని విడిగా పెట్టాలంటే ఒక్కరూ అడ్డు చెప్పలేదు. టీ చల్లారకముందే తేలిపోయింది. అక్కడి నుంచి చెల్లెలు నేరుగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్కే ఎడంచేత్తో గడియ తీసింది.

“ఏం కావాలి?”

“చూసిపోదామని.”

“చూశావుగా,” అంది అక్క, తలుపు మూస్తూ.