వెర్నా బ్యాడ్జి

మా సంఘానికి వందేళ్ళు నిండుతున్నాయి, చరిత్ర రాసిపెట్టమని నన్నడిగారు. నేను హిస్టరీ టీచరుగా రిటైరైనదాన్ని. పైగా కాదనడం చేతకాదు. ఈ రెండు అర్హతలతోనే పని నా నెత్తిన పడింది.

మా మ్యూ జీటా రో సంఘం పుట్టుక గురించి రాయడం తేలికే. కాలేజీలో మగపిల్లల సంఘాలు ఆడపిల్లల్ని గడప తొక్కనివ్వని రోజుల్లో, ఇండియానాలో ఒక హాస్టలు అటకమీద ఐదుగురు అమ్మాయిలు చేరి, మూడు గ్రీకు అక్షరాలు ఏరుకుని, ఒక ప్రమాణం రాసుకున్నారు. ఐదుగురిలో ఒకావిడ కేకు తేవడం తప్ప ఇంకేమీ చేయలేదని నా అనుమానం. ఆవిడ పటమే అన్నిటికన్నా పెద్దది.

తర్వాత దేశమంతా శాఖలు లేచాయి. శాఖలు పెరిగేకొద్దీ ఆచారాలూ పెరిగాయి. కొత్తగా చేరిన పిల్లకి ఒక సీనియరు అక్క అవుతుంది. చేరిన రోజున ఆ అక్క తన బ్యాడ్జి తీసి చెల్లెలి బ్లౌజుకి పెడుతుంది. చెల్లెలిది నగల షాపులో తయారై వచ్చేదాకా అదే పెట్టుకుని తిరగాలి. మనిషి పోయాక బ్యాడ్జి సంఘానికి తిరిగి రావాలి. అది కూడా ఒక సోదరి చేతిమీదుగానే. పుచ్చుకునేవాళ్ళు "అందింది, సోదరీ" అనాలి.

ఏటా అక్టోబరులో స్థాపక దినం విందు జరుగుతుంది. ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు అధ్యక్షురాలు పిలుస్తుంది. ఒక్కో పేరుకీ ఆమె చెల్లెలు లేచి "ఉంది" అంటుంది. విందులో పెట్టే చికెన్ సలాడ్ ఎంత చప్పగా ఉన్నా, ఆ ఒక్క మాట కోసం నేను ఏటా వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఏడుస్తాను.

పుస్తకం దగ్గర చిక్కు ఒహాయో శాఖతో వచ్చింది. అది 1956లో మూతపడింది. ఎందుకు మూశారని ఇప్పటి అధ్యక్షురాలు బ్లైత్ కెసింజర్‌ని అడిగితే, సభ్యులు తగ్గిపోయారని రాసెయ్యమంది. ఆ ఏడాది ఆ ఇంట్లో పడుకోవడానికి చోటు చాలక పిల్లలు మెట్లకింద మంచాలు వేసుకున్నారని నేను విని ఉన్నాను. తగ్గినవాళ్ళకి అన్ని మంచాలెందుకో నాకు అర్థం కాలేదు. అందుకని అప్పట్లో ఆ శాఖకి పెద్దగా ఉన్న వెర్నా ఓక్స్‌ని వెతుక్కుంటూ డేటన్ వెళ్ళాను.

వెర్నా నర్సింగ్ హోములో ఉంది. క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. మనిషి చిక్కి సగమైంది కానీ నోరు మాత్రం తగ్గలేదు. ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని ముందు నన్ను నాలుగు దులిపి, తర్వాత చెప్పింది.

ఆ చలికాలం వాళ్ళు అయోన్ టిబ్స్ అనే కెమిస్ట్రీ విద్యార్థినిని చేర్చుకున్నారు. మా సంఘంలో కాలు పెట్టిన మొదటి నల్లజాతి అమ్మాయి ఆమే. వెర్నాయే అక్క. తన బ్యాడ్జి తీసి అయోన్‌కి పెట్టింది. సంగతి తెలిసి ప్రధాన కార్యాలయం నుంచి మిసెస్ ప్రౌట్ అనే ఆవిడ మఖమలు పరిచిన పళ్ళెం పట్టుకుని రైల్లో దిగింది. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, శాఖని మూసేస్తున్నాం, బ్యాడ్జిలు ఇందులో పెట్టండి అంది. పిల్లలు ఏడుస్తూ ఒక్కొక్కరే తీసి పెట్టారు. పళ్ళెం అయోన్ ముందుకొచ్చింది.

"ఇది నాది కాదండీ, మా అక్కది. తను బతికుండగా ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు లేదు," అంది అయోన్.

కావాలంటే ప్రౌటే తన చేత్తో ఊడదీసుకోవాలి. ఆ నల్లజాతి పిల్ల బ్లౌజుమీద వేలు పెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. అందరిముందూ పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని వెళ్ళిపోయింది. పరువు పోతుందని కాబోలు, అన్నీ వచ్చేశాయని పైవాళ్ళకి చెప్పింది. తర్వాత క్షమాపణ చెప్పుకున్న పిల్లలకి ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చారు. వెర్నా మాత్రం క్షమాపణ చెప్పలేదు. ఆమె పేరు కొట్టేశారు.

"నీ పుస్తకంలో ఏం రాసుకుంటావో నీ ఇష్టం," అంది వెర్నా. "నేను పోయాక విందులో నా పేరు పిలవాలి. అయోన్ లేచి ఉందనాలి. నాకు కావాల్సింది అదొక్కటే."

చూస్తానని మాత్రం అన్నాను.

బ్లైత్ చెడ్డమనిషి కాదు. నియమాల పుస్తకం చేతిలో ఉంటే తప్ప తుమ్మని రకం. వెర్నా పేరు పిలుస్తారా అని అడిగితే, బతికుండగా బ్యాడ్జి వెనక్కిచ్చేసినవాళ్ళ పేరు పిలవకూడదు, నియమం తను పెట్టింది కాదు అంది. ఇవ్వకపోయి ఉంటేనో అని అడిగాను.

"అప్పుడు సోదరే కదా అర్డిత్ గారూ. కానీ అందరివీ వచ్చేశాయిగా."

అక్కడ నేను నోరు మూసుకున్నాను. నా ఒంటికి పడని పని, అయినా ఆ పూటకి చేశాను. వెర్నాది రాలేదని ముందే చెబితే కమిటీ కూర్చుంటుంది. మా కమిటీ కూర్చుంటే లేవదు.

అయోన్ క్లీవ్‌లాండ్‌లో ఉంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. ఫోను చేసి విందుకి రమ్మన్నాను.

"వందో ఏట పిలుస్తున్నారా? మరీ తొందరపడ్డారు," అంది. "చూడండీ, అక్కని చూడ్డానికి నెలనెలా డేటన్ వెళ్తూనే ఉన్నాను. మీ విందు హాల్లోకి మాత్రం రాలేను. అక్కడందరూ నన్ను ఎగాదిగా చూస్తుంటే మళ్ళీ నిలబడే ఓపిక నాకు లేదు."

నేను బతిమాలలేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలను? వెర్నా ఏమడిగిందో మాత్రం చెప్పి ఫోను పెట్టేశాను.

వెర్నా ఆగస్టులో పోయింది.

విందు రోజు హాలు నిండిపోయింది. సలాడ్ ఎప్పటిలాగే చప్పగా ఉంది. పేర్లు మొదలయ్యాయి. అక్కడా ఇక్కడా చెల్లెళ్ళు లేచి ఉంది, ఉంది అంటున్నారు. నేను తలుపు వైపే చూస్తున్నాను. చివరి పేరు అయ్యేసరికి బూడిదరంగు సూటులో ఒక పొడుగాటి ముసలామె లోపలికొచ్చి గోడవారగా నిలబడింది. కోటుకి ఎడమవైపు బ్యాడ్జి ఉంది.

బ్లైత్ కాగితం మడిచేసింది. నేను లేచాను.

"ఇంకో పేరుంది. వెర్నా ఓక్స్, ఒహాయో శాఖ."

హాలంతా నావైపు తిరిగింది. బ్లైత్ ఎర్రబడి, ఆవిడ బ్యాడ్జి ఎప్పుడో వెనక్కి వచ్చేసిందని మొదలుపెట్టింది.

"ఉంది," అంది అయోన్.

పెద్దగా ఏమీ అనలేదు. అయినా వెనకబల్ల దాకా వినపడింది. ఆమె బల్లల మధ్యనుంచి నెమ్మదిగా నడుచుకుంటూ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళింది. కోటునుంచి బ్యాడ్జి తీసింది. పిన్ను వంగిపోయి ఉందేమో, తీయడానికి కాస్త తంటాలు పడింది. అరచేతిలో పెట్టుకుని చాపింది.

"అప్పుడడిగితే ఇవ్వలేదు. అక్క బతికుంది. ఇప్పుడు లేదు కాబట్టి ఇవ్వాలి. ఆచారం అదే కదండీ?"

బ్లైత్ బ్యాడ్జిని తిప్పి చూసింది. వెనక వెర్నా పేరు చెక్కి ఉంది. ఆమె తలెత్తి కమిటీ వైపు చూసింది, కమిటీ సలాడ్ వైపు చూసింది. పుచ్చుకోకపోతే ఆచారం తప్పినట్టు. పుచ్చుకుంటే అనాల్సిన మాట ఒకటుంది. ఆ మాట ఆమె గొంతులోంచి బయటికొచ్చేదాకా హాల్లో ఎవ్వరూ స్పూను కదపలేదు.

"అందింది," అంది బ్లైత్. గొంతు సవరించుకుంది. "అందింది, సోదరీ."

అయోన్ తలూపింది. కానీ కదల్లేదు. బ్యాడ్జి ఉండిన చోట కోటు గుడ్డని వేళ్ళతో సర్దుకుంది.

"మరి నాది షాపునుంచి వచ్చిందేమో కాస్త కనుక్కుంటారా?" అని అడిగింది. "ఆర్డరిచ్చి చాలాకాలమైంది."