పడవ వెనక్కి నడిచింది

కెన్నా ఎడమ భుజం మీద దుక్కలాంటి కాయ కాసి ఉంది. అమున్ దేవుడి విగ్రహాన్ని కూచోబెట్టిన పడవను పల్లకీలా ఏళ్ల తరబడి మోయగా, మోత దండె ఒత్తుకుని కాసిన కాయ. పండగలప్పుడు దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకునేవాళ్లూ ఉన్నారు. పెళ్లాం తబెకి మాపటేళ దానికి ఆముదం రాస్తూ, "దేవుడు కూచునే పీట" అనేది.

వాసెత్ నగరంలో ఏ తగువొచ్చినా పడవ బయటికి రావలసిందే. రాజుగారుండేది ఎక్కడో ఉత్తరాన. ఆయన మాట ఇక్కడికొచ్చేసరికి చల్లారిపోతుంది. గాడిద ఎవరిది, గట్టు ఎవరిది, కొత్త అధికారి ఎవరు, అన్నీ దేవుడే తేల్చాలి. పడవ ముందుకు నడిస్తే అవును, వెనక్కి నడిస్తే కాదు. బోయీలు నడిపించరనీ, దేవుడే తన బరువుతో తోస్తాడనీ కెన్నా నమ్మకం. ఆ తోపు అతని భుజానికి తెలిసేది కూడా.

ఈసారి తేలాల్సింది గాడిద సంగతి కాదు. దక్షిణాన సరిహద్దు కోటలో సైనికులు పస్తులుంటున్నారు. రాజుగారి కొట్లలో ఎలకలకు కూడా ఏమీ లేదు. ఉన్న మంచి పొలాలన్నీ తాతల నాటి నుంచి రాజులే దేవుడికి రాసిచ్చేశారు, పన్ను కూడా లేకుండా. గుడి గాదెలు మాత్రం పొర్లిపోతున్నాయి. వాటిని తెరవమంటావా అని దేవుణ్ణి అడగడానికి కోట దళపతి వచ్చాడు. ఆ కోటలోనే కెన్నా ఒక్కగానొక్క కొడుకు పెన్బుయ్ ఉన్నాడు.

"ఏమయ్యా, రేపు ముందుకే నడుస్తుందంటావా?" అంది తబెకి.

"మనవాడు అక్కడున్నాడని దేవుడికి తెలియదుటే?"

"దేవుడికి తెలుసులే. నీ కాళ్లకి తెలుసా?"

"నోర్ముయ్. కళ్లు పోతాయి."

"పోతే పోనీ. పిల్లాడు చెప్పుల తోలు ఉడకబెట్టుకుని నములుతున్నాడట. దళపతికి ముంతెడు బార్లీ కల్లు పోసి మరీ అడిగాను."

పొద్దున్నే గుడి వాకిట్లో, ముందు దండె మోసే నెసమున్ మొహం పీక్కుపోయి ఉంది.

"ఏంటన్నా, నిద్రలేదా?" అన్నాడు కెన్నా.

"గుడి పెద్దయ్యవారు పిలిపించార్రా. ఏమీ అనలేదు. ఉత్తినే భుజం తట్టి పంపేశారు."

"ఏ భుజం?"

"మోసే భుజమే" అని నెసమున్ అటు తిరిగిపోయాడు.

పడవ లేచింది. అందులో తెర వెనక దేవుడు. ఎదురుగా నిలబడి, ఎండిన పెదాలతో దళపతి అడగాల్సింది అడిగాడు. కెన్నా ఆ బరువు కోసం కాచుకున్నాడు. ఎప్పుడూ తెలిసే తోపు ఇవాళ తెలియలేదు. భుజం మీద ఉన్నది ఉత్త కర్ర.

సరే, అడుగు నేనే వేస్తాననుకుని కుడికాలు ముందుకెత్తాడు.

అదే క్షణాన నెసమున్ మడమ వెనక్కొచ్చింది. కెన్నా కాలు గాలిలో ఆగింది. తను ముందుకు, వాళ్లు వెనక్కి అయితే దేవుడు నేలపాలవుతాడు. ఆ భయం మనసుకంటే ముందు కాలికి తెలిసింది. కాలు వెనక్కి దిగింది. దాని వెనకే మరో అడుగు.

"వద్దన్నాడు! దేవుడు వద్దన్నాడు!" అని జనం కేకలేశారు.

దళపతి తెరకేసి చూస్తూ, "అంత గింజ ఏం చేసుకుంటావు స్వామీ, నువ్వు తినవుగా?" అన్నాడు.

"అపచారం! పస్తు కూడా సేవే నాయనా" అన్నారు నున్నటి బుగ్గల పెద్దయ్యవారు.

"అయితే కోట కూడా ఆయన్నే కాచుకోమనండి."

ఇంట్లో తబెకి ఒకటే అడిగింది. "నువ్వు ఏ పక్క వేశావయ్యా?"

"ముందుకే ఎత్తానే."

"దించిందెక్కడ?"

ఆ మాపటేళ ఆమె ఆముదమంతా దీపంలో పోసేసింది.

నదికి ఆ ఏటి వరద రాకముందే కోట వదిలేసి సైనికులే నది వెంట దిగివచ్చారు, డొక్కలెండి, కత్తులు దూసి. గాదెలు పగలగొట్టారు. అడుగున సగం పురుగు పట్టి ఉంది. అందులోనే చేతులు పెట్టి బుక్కారు. వాళ్లలో పెన్బుయ్ కోసం తబెకి ప్రతి మొహమూ వెతికింది. చివరికి ఒకడు నములుతూనే, "నడవలేనివాళ్లని దారిలో వదిలేశామమ్మా" అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక గుడి డప్పు మోగింది. గాదెలు దోచిన పాపం ఎవరిదో దేవుణ్ణి అడగాలట.

పడవ మోయడానికి కెన్నా లేచాడు. తబెకి గడప మీద కూచుని ఉంది. అతనికి దారి ఇవ్వలేదు, ఆపనూ లేదు. అతను ఒంటిని ఓరగా చేసుకుని, భుజం గోడకు రాసుకుంటూ బయటపడ్డాడు.